వెనుక నుంచి తూటా నింపే తుపాకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

బొబ్బిలి యుద్ధం గురించి గానీ, పద్మనాభ యుద్ధం గురించి గానీ మాట వచ్చినప్పుడల్లా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల విద్యార్థులు, ఉపాధ్యాయులు, చరిత్రపై మక్కువ ఉన్న పెద్దలు తుపాకుల విషయంలో కొన్ని ప్రశ్నలను పదే పదే అడుగుతుంటారు. ఆనాటి సిపాయి ఒకసారి పేల్చిన తరువాత మళ్ళీ పేల్చడానికి ఎంతసేపు పట్టేదో, ఆ వ్యవధిలో అతడు ఏ స్థితిలో ఉండేవాడో తెలియకపోతే మన ప్రాంతపు యుద్ధాలు సగమే అర్థమవుతాయి. ఆ ప్రశ్నలకు జవాబులను, బ్రీచ్ లోడింగ్ పద్ధతి పుట్టి స్థిరపడేదాకా సాగిన కథతో సహా, ఇక్కడ ఒకచోట చేర్చాం. ఇది చరిత్రకు సంబంధించిన సమాచారమే తప్ప ఆయుధాల తయారీకి గానీ వాడకానికి గానీ మార్గదర్శి కాదు.

బ్రీచ్ లోడింగ్ తుపాకీ అంటే ఏమిటి?

తుపాకీ గొట్టానికి రెండు కొసలుంటాయి. గుండు బయటికి వెళ్ళే కొసను మూతి అంటాం. భుజానికి ఆనించే కర్ర వైపున ఉండే వెనుక కొసను బ్రీచ్ అంటారు. మందునూ గుండునూ మూతిలోంచి పోసి, ఇనుప కడ్డీతో అడుగుదాకా దట్టించేది మూతి నుంచి నింపే తుపాకీ, అంటే మజిల్ లోడర్. మన్యంలో నేటికీ వినిపించే నాటు తుపాకీ చాలావరకు ఈ కోవకు చెందినదే. వెనుక కొసను తెరిచి, అక్కడి గదిలో తూటా పెట్టి, మళ్ళీ గట్టిగా మూసి పేల్చేది బ్రీచ్ లోడర్. ఇంతకు మించి నిర్వచనంలో ఏమీ లేదు. కష్టమంతా ఆ "గట్టిగా మూసి" అన్న రెండు మాటల్లోనే ఉంది. దాన్ని సాధించడానికి మనిషికి సుమారు నాలుగు శతాబ్దాలు పట్టింది.

మూతి నుంచి దట్టించడంలో ఉన్న అసలు ఇబ్బంది ఏమిటి?

పద్దెనిమిదో శతాబ్దపు చెకుముకి తుపాకీని నింపే తీరును ఒకసారి వరుసగా చూస్తే ఇబ్బంది దానంతట అదే తెలుస్తుంది. సిపాయి కాగితపు పొట్లాన్ని పళ్ళతో చింపాలి. కొంత మందును పక్కనున్న చిన్న పళ్ళెంలో రంజకంగా, అంటే ముందుగా నిప్పంటుకునే మందుగా, వేసి మూత దించాలి. తుపాకీని నిటారుగా నిలబెట్టి మిగిలిన మందును గొట్టంలో పోయాలి. గుండునూ కాగితాన్నీ పైన పెట్టి, కడ్డీ బయటికి లాగి, అడుగుదాకా దట్టించాలి. కడ్డీని మళ్ళీ దాని చోట పెట్టాలి. అప్పుడు గుర్రాన్ని, అంటే చెకుముకి రాయి బిగించిన సుత్తి వంటి భాగాన్ని, పూర్తిగా వెనక్కి లాగి గురి చూడాలి. చక్కటి శిక్షణ పొందిన సిపాయి కూడా నిమిషానికి రెండు మూడు సార్లకు మించి పేల్చడం కష్టమయ్యేది.

వేగం తక్కువ కావడం కన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. అంత పొడవైన గొట్టంలో పైనుంచి మందు పోయాలంటే నిలబడి తీరాలి, లేదా కనీసం మోకాలిపై లేవాలి. శత్రువు కాల్పులు జరుపుతున్నప్పుడు నిండు విగ్రహంలా నిలబడి ఇంత పని చేయాలి. ఆ కాలపు సైన్యాలు భుజం భుజం కలిపి వరుసలుగా నిలబడి పోరాడటాన్ని కొందరు మూర్ఖపు ధైర్యంగా భావిస్తారు గానీ, వాళ్ళ చేతిలోని పనిముట్టు వాళ్ళకు మరో దారి ఇవ్వలేదు. ఒక వరుస నింపుకుంటుండగా మరో వరుస పేల్చాలి. గురి సరిగా కుదరని నున్నటి గొట్టాలు కాబట్టి గుంపుగా పేల్చాలి. ఇక వర్షం వస్తే పళ్ళెంలోని రంజకం తడిసి తుపాకీ మూగబోయేది. జూన్ నుంచి నవంబరు దాకా ఋతుపవనాలూ తుపానులూ చూసే మన తీరానికి ఇది చిన్న విషయం కాదు.

బొబ్బిలి, పద్మనాభ యుద్ధాల్లో వాడినవి ఏ రకం తుపాకులు?

రెండు చోట్లా, రెండు పక్షాల వారివీ మూతి నుంచి దట్టించే తుపాకులే. 1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించాడు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ సేనలు, విజయనగరం పూసపాటి విజయరామరాజు బలగాలతో కలిసి బొబ్బిలి కోటపై పడ్డాయి. కోటలోని రంగారావు మనుషుల చేతుల్లో వత్తితో అంటించే తుపాకులు, బల్లేలు, కత్తులు ఉంటే, ఫ్రెంచివారి చేతుల్లో చెకుముకి తుపాకులు ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా గోడలను పగులగొట్టే ఫిరంగులు ఉన్నాయి. ఆ ఫిరంగులను కూడా ముందు నుంచే నింపేవారు. గోడ విరిగిన చోట జరిగిన పోరు చేయీ చేయీ కలిసే దాకా వచ్చిందంటే కారణం ఇదే: ఒకసారి పేల్చిన తుపాకీ మళ్ళీ సిద్ధమయ్యే లోపు కత్తి పట్టినవాడు ఆ దూరాన్ని దాటేయగలడు. అందుకే తుపాకీ చివర బాయొనెట్ బిగించేవారు, తుపాకీయే బల్లెంగా మారేది.

1794 జూలై 10న పద్మనాభం దగ్గర విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో తలపడి ప్రాణాలర్పించాడు. కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నడిపిన ఆ కంపెనీ సిపాయిల తుపాకులు కూడా వెనుక నుంచి నింపేవి కావు. పోరు గంట లోపే ముగిసింది. అక్కడ తేడా తెచ్చింది తుపాకీ నింపే పద్ధతి కాదు, వరుస తప్పకుండా ఒక్కుమ్మడిగా పేల్చే కవాతు శిక్షణ, ఫిరంగులు. ఈ యుద్ధాలను చూపే కొన్ని బొమ్మల్లో, వేదికల మీద బోల్టు లాగి పేల్చే రైఫిళ్ళు కనిపిస్తుంటాయి. అవి నూరేళ్ళ తరువాతి వస్తువులు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడైనా ఈ తేడా చూపించాలని మా గట్టి కోరిక, ఎందుకంటే ఆ రోజు బొబ్బిలి గోడ మీద నిలబడినవారి తెగువ ఎంతటిదో ఆ నెమ్మదైన తుపాకీ తెలిస్తేనే తెలుస్తుంది.

వెనుక నుంచి నింపవచ్చన్న ఆలోచన ఎవరిది?

ఒక మనిషికి ఆపాదించలేం. పదిహేనో శతాబ్దానికే ఐరోపాలో వెనుక నుంచి నింపే చిన్న ఫిరంగులు ఉన్నాయి. మందు నింపిన ఇనుప చెంబు వంటి గదిని గొట్టం వెనుక పెట్టి, మేకు కొట్టి బిగించి పేల్చేవారు. అటువంటి గదులు నాలుగైదు సిద్ధంగా ఉంచుకుంటే ఒకదాని తరువాత ఒకటి మార్చవచ్చు. ఓడల అంచులపై ఇవి బాగా పనికివచ్చాయి. పోర్చుగీసు నౌకలతో ఇవే మన సముద్రాల్లోకీ వచ్చాయి. చేతి తుపాకుల విషయానికి వస్తే, ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ కోసం చేసిన వెనుక నుంచి నింపే తుపాకీ ఒకటి 1537 నాటి తేదీతో ఇప్పటికీ భద్రంగా ఉంది. అంటే మన బొబ్బిలి యుద్ధానికి 220 ఏళ్ళ ముందే రాజుల వేటకు అటువంటి తుపాకీ తయారైంది.

మరి అంత పాత ఆలోచన సైన్యాల్లోకి రావడానికి అన్ని వందల ఏళ్ళు ఎందుకు పట్టింది?

వాయువు వల్ల. మందు అంటుకున్నప్పుడు పుట్టే వేడి వాయువు గుండును ముందుకు నెట్టే బలంతోనే వెనక్కి కూడా నెడుతుంది, సన్నటి సందు దొరికినా అందులోంచి దూసుకువస్తుంది. మూతి నుంచి నింపే తుపాకీలో వెనుక కొసను కమ్మరి శాశ్వతంగా మూసేస్తాడు కాబట్టి ఆ భయం లేదు. వెనుక కొసను తెరిచి మూసే తలుపుగా మార్చిన మరుక్షణం, ఆ తలుపు అంచుల్లోంచి మంటా పొగా పేల్చేవాడి ముఖం మీదికే వస్తాయి. దానితో పాటు గుండుకు చేరవలసిన బలమూ తగ్గుతుంది. చేతితో ఆకురాయి పట్టి ఒక్కొక్క తుపాకీని చేసే కాలంలో, వెంట్రుకంత సందు కూడా లేకుండా తలుపును కుదర్చడం ఒకటి రెండు తుపాకుల్లో సాధ్యమే, లక్ష తుపాకుల్లో అసాధ్యం. పైగా ఆనాటి నల్లటి తుపాకీ మందు కాలితే సగానికి పైగా బూడిద, మసి మిగులుతాయి. నాలుగైదు సార్లు పేల్చేసరికి తలుపు కదలకుండా బిగుసుకుపోయేది.

ఈ ఇబ్బందిని దాటి విజయానికి చాలా దగ్గరగా వెళ్ళినవాడు పాట్రిక్ ఫెర్గుసన్ అనే స్కాట్లండు సైనికాధికారి. ఆయన రైఫిలులో గొట్టం వెనుక నిలువుగా ఒక మర ఉంటుంది. ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీని ఒక్క చుట్టు తిప్పితే ఆ మర కిందికి దిగి, పైన రంధ్రం తెరుచుకుంటుంది. 1776లో ఇంగ్లండులోని వూలిచ్ వద్ద వానలో, గాలిలో అధికారుల ఎదుట నిమిషానికి నాలుగు నుంచి ఆరు సార్లు పేల్చి చూపించాడు. పడుకుని కూడా నింపి చూపించాడు. ఆ ఏడాదే పేటెంటు వచ్చింది. అయినా సుమారు నూరు తుపాకులే తయారయ్యాయి. చేయడానికి ఖర్చు ఎక్కువ, సమయం ఎక్కువ, మర దగ్గర కర్ర సులువుగా చీలేది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1777 నాటి బ్రాండీవైన్ పోరులో ఆయన మోచేతికి గాయమైంది, దళం చెదిరిపోయింది. 1780లో కింగ్స్ మౌంటెన్ దగ్గర ఆయన మరణించాడు. పద్మనాభ యుద్ధానికి పద్దెనిమిదేళ్ళ ముందు ఇంత పనిముట్టు చేతికి అంది కూడా చేజారిపోయిందంటే, ఒక ఆవిష్కరణ నిలవాలంటే తెలివితో పాటు దాన్ని వేలల్లో చేయగల కార్ఖానా కూడా ఉండాలని అర్థమవుతుంది. తరువాత అమెరికాలో జాన్ హాల్ 1811లో పేటెంటు పొందిన రైఫిలును 1819లో ఆ దేశ సైన్యం తీసుకుంది. హాల్ దాని భాగాలను ఒకదానికి బదులు మరొకటి అమరేటట్టు యంత్రాలతో చేయించడం గొప్ప ముందడుగు. వాయువు లీకు మాత్రం ఆయన తుపాకీలోనూ ఆగలేదు.

చివరికి ఆ లీకును ఎలా అరికట్టారు?

తలుపును ఎంత బాగా చేయాలా అని ఆలోచించినంత కాలం దారి దొరకలేదు. తూటాయే తలుపు సందును మూసుకునేలా చేయవచ్చని తోచాక దొరికింది. స్విట్జర్లండులో పుట్టి పారిస్‌లో పనిచేసిన యోహాన్ సామ్యూల్ పౌలీ 1812లోనే మందు, గుండు, నిప్పు పుట్టించే రసాయనం మూడూ ఒకేచోట ఉండి, అడుగున ఇత్తడి ఉన్న తూటాకు పేటెంటు తీసుకున్నాడు. 1835లో ఫ్రాన్సులోని కసిమిర్ లఫోషో, పక్కకు పొడుచుకువచ్చిన చిన్న మేకు ఉన్న తూటానూ, మధ్యకు వంగి తెరుచుకునే వేట తుపాకీనీ తెచ్చాడు. మన జమీందారీ ఇళ్ళలో కనిపించే డబుల్ బ్యారెల్ తుపాకీ నడుము విరిచినట్టు వంగడం ఆ వంశపు లక్షణమే.

పూర్తి పరిష్కారం ఇత్తడి గొట్టంతో వచ్చింది. సుమారు 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు కలిపిన ఇత్తడికి సాగే గుణం, మళ్ళీ కుంచించుకునే గుణం రెండూ ఉన్నాయి. పేలిన క్షణంలో లోపలి వాయువు ఒత్తిడికి ఇత్తడి గోడ ఉబ్బి తుపాకీ గది గోడకు అంటుకుపోతుంది, దానితో వెనక్కి వచ్చే దారి మూసుకుపోతుంది. గుండు మూతి దాటి ఒత్తిడి తగ్గగానే ఇత్తడి కొద్దిగా కుంచించుకుని వదులవుతుంది, ఖాళీ గొట్టాన్ని బయటికి లాగేయవచ్చు. వాయువును అడ్డుకోవడానికి వాయువు బలాన్నే వాడుకునే ఈ ఏర్పాటును యంత్రశాస్త్రంలోని అత్యంత అందమైన ఆలోచనల్లో ఒకటిగా మేము భావిస్తాం. తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న క్యాప్ అమర్చే రెండు పద్ధతులు 1866లో వచ్చాయి: ఒకటి ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ బాక్సర్‌ది, ఇంకొకటి అమెరికాకు చెందిన హైరమ్ బెర్డాన్‌ది. తరువాతి కాలంలో బాక్సర్ పద్ధతి అమెరికాలోనూ, బెర్డాన్ పద్ధతి ఐరోపాలోనూ స్థిరపడ్డాయి.

"సూది తుపాకీ" అని చదివాం. దాని ప్రాముఖ్యం ఏమిటి?

పౌలీ దగ్గర పనిచేసిన యోహాన్ నికోలస్ డ్రైజ్ రూపొందించిన రైఫిలును జర్మన్ రాజ్యమైన ప్రష్యా 1841లో తన సైన్యానికి ఎంచుకుంది. దాని తూటా కాగితంతో చేసినది. క్యాప్ గుండు అడుగున ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే పొడవైన సూది కాగితాన్నీ మందునూ చీల్చుకుంటూ పోయి ఆ క్యాప్‌ను పొడుస్తుంది. వెనుక భాగం, మన ఇంటి తలుపు గడియలా, పిడి పట్టి లాగి తిప్పే బోల్టు. నేటి బోల్టు రైఫిళ్ళకు మూలపురుషుడు ఇదే. వాయువు లీకు దీనిలో కూడా ఉంది. ముఖానికి వేడి తగులుతుందని సైనికులు నడుము దగ్గర పట్టుకుని పేల్చిన సందర్భాలున్నాయి.

అయినా 1866 జూలై 3న ప్రష్యా, ఆస్ట్రియాల మధ్య జరిగిన క్యోనిగ్‌గ్రెట్స్ యుద్ధంలో దాని సత్తా ప్రపంచానికి తెలిసింది. ఆస్ట్రియా సైనికుల చేతిలోని లోరెంజ్ రైఫిలు దూరంలోనూ గురిలోనూ సూది తుపాకీ కన్నా మెరుగైనదే, కాని మూతి నుంచి నింపవలసినది. వాళ్ళు బాయొనెట్లతో గుంపులుగా పరుగెత్తుకురాగా, ప్రష్యన్లు నేలకు కరుచుకుని వాళ్ళకన్నా నాలుగైదు రెట్ల వేగంతో పేల్చారు. ఆ రోజు ఆస్ట్రియా పక్షాన బందీలతో కలిపి దాదాపు 44 వేల మంది నష్టమైతే, ప్రష్యా నష్టం 9 వేలకు కాస్త ఎక్కువ. ఈ విజయాన్ని తుపాకీ ఒక్కదానికే కట్టబెట్టడం సరికాదు. రైలు మార్గాలపై సైన్యాన్ని వేగంగా చేర్చిన ప్రష్యా సేనాని మోల్ట్కే పథకం, అనుకూలం కాని చోట కూడా ముందుకు దూకమని నేర్పిన ఆస్ట్రియా యుద్ధనీతి అంతే ముఖ్యం. కాని ఆ మధ్యాహ్నం తరువాత ఐరోపాలో ఏ ప్రభుత్వమూ మూతి నుంచి నింపే రైఫిలును కొనలేదు.

ఫ్రాన్సు అదే ఏడాది షాస్‌పో రైఫిలును తెచ్చింది. ప్రెషర్ కుక్కర్ మూతకు ఉండే రబ్బరు చుట్టు వంటిదాన్ని బోల్టు కొసకు అమర్చి లీకును చాలావరకు ఆపింది. ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య జరిగిన యుద్ధంలో 1870 ఆగస్టు 18న సెయింట్ ప్రివా దగ్గర ప్రష్యా గార్డు దళం బయలు నేలపై ముందుకు సాగి, ఆ రైఫిళ్ళ ధాటికి దాదాపు 8 వేల మందిని కోల్పోయింది. నాలుగేళ్ళ క్రితం తాము నేర్పిన పాఠమే వాళ్ళకు ఎదురు తగిలింది.

వేగం కాక ఇంకేమైనా ప్రయోజనాలు ఉన్నాయా?

చాలా ఉన్నాయి, వేగం వాటిలో ఒకటి మాత్రమే. సైనికుడు పడుకుని, చెట్టు చాటున, గుర్రం మీద కూడా నింపుకోగలిగాడు. యుద్ధరంగపు రూపాన్నే మార్చినది ఈ గుణమే. రైఫిలు గొట్టం లోపల మెలికలుగా గాడులు ఉంటాయి, గుండు వాటిని గట్టిగా పట్టుకుంటేనే గిరగిరా తిరుగుతూ తిన్నగా పోతుంది. మూతి నుంచి నింపాలంటే గుండు గొట్టం కన్నా సన్నగా ఉండాలి, లేదా సుత్తితో కొట్టి దించాలి. 1849లో వచ్చిన మినియే గుండు, పేలినప్పుడు అడుగు విచ్చుకునేటట్టు చేసి ఈ చిక్కును కొంత తీర్చింది. వెనుక నుంచి నింపేటప్పుడు ఆ తంటా లేదు, గొట్టం కన్నా రవ్వంత లావైన గుండునే పెట్టవచ్చు. గాడుల్లోకి అదే ఒదుగుతుంది.

తక్కువగా చెప్పుకునే ప్రయోజనం మరొకటి ఉంది: తుపాకీ నిండి ఉందో లేదో కంటితో చూడవచ్చు. అమెరికా అంతర్యుద్ధంలో, 1863లో గెటీస్‌బర్గ్ పోరు తరువాత నేల మీద దొరికిన 27 వేలకు పైగా తుపాకుల్లో దాదాపు 24 వేలు నింపినవే ఉన్నాయి. వాటిలో సగం రెండేసి సార్లు దట్టించి ఉన్నాయి, ఒకదానిలో ఏకంగా 23 సార్లు దట్టించిన మందు బయటపడింది. భయంలో, శబ్దంలో తన తుపాకీ పేలిందో లేదో సైనికుడికి తెలియలేదు. వెనుక నుంచి నింపే తుపాకీలో పాత తూటా తీయకుండా కొత్తది పట్టదు. తీయదలిస్తే పేల్చకుండానే తీసేయవచ్చు, గొట్టాన్ని వెనుక నుంచి చూసి శుభ్రం చేయవచ్చు. ఇత్తడి తూటా వానకు తడవదు.

1857లో వివాదమైన ఎన్‌ఫీల్డ్ రైఫిలు బ్రీచ్ లోడరేనా?

కాదు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ మూతి నుంచి నింపే రైఫిలు, వివాదానికి మూలం కూడా అక్కడే ఉంది. కాగితం చుట్టిన గుండు గాడులున్న గొట్టంలోకి సులువుగా దిగాలంటే దానికి కొవ్వు పూయాలి. మందు పోయాలంటే కాగితాన్ని పళ్ళతో కొరకాలి. ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న అనుమానం సిపాయిల నోటిదాకా వచ్చింది ఈ నింపే పద్ధతి వల్లనే. తిరుగుబాటుకు కారణాలు ఇంకా ఎన్నో ఉన్నాయి గాని, నిప్పు రాజేసిన తూటా మాత్రం మూతి నుంచి దట్టించే కాలపు తూటా.

తొమ్మిదేళ్ళ తరువాత, 1866లో, అవే ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళ వెనుక భాగాన్ని కోసి, పక్కకు తెరుచుకునే దిమ్మను అమర్చి బ్రిటన్ వాటిని స్నైడర్ రైఫిళ్ళుగా మార్చింది. ఆ రూపకర్త జేకబ్ స్నైడర్ అమెరికన్. నిమిషానికి మూడు సార్లు పేలే తుపాకీ పది సార్లు పేలసాగింది, కొత్త తుపాకీ కొనే ఖర్చు తప్పింది. 1871లో మార్టినీ-హెన్రీ వచ్చింది. ట్రిగ్గర్ వెనుక ఉన్న లీవరును కిందికి లాగితే లోపలి దిమ్మ దిగి పాత ఖాళీ తూటా బయటపడుతుంది. 1888లో పలు తూటాలు పట్టే లీ-మెట్‌ఫర్డ్, 1895లో లీ-ఎన్‌ఫీల్డ్ దాని వెనుకే వచ్చాయి.

ఈ మార్పు మన సిపాయిలకు మాత్రం ఆలస్యంగా అందింది. 1857 తరువాత ప్రభుత్వం భారతీయ దళాల చేతికి, బ్రిటిష్ సైనికుల ఆయుధం కన్నా ఒక తరం పాతదే ఇచ్చేది. ఫిరంగి దళాలను పర్వత బ్యాటరీల వంటి కొద్ది వాటిని మినహాయించి భారతీయుల చేతుల్లోంచి తీసేసింది. విజయనగరంలో నేటికీ కంటోన్మెంట్ అని పిలిచే ప్రాంతంలో కవాతు చేసిన మద్రాసు పదాతి సిపాయిలకు కూడా ఇదే విధానం వర్తించింది. ఆయుధం కేవలం ఇనుము కాదని, ఎవరిని ఎంత నమ్ముతున్నామో చెప్పే కొలబద్ద కూడా అని పాలకులకు బాగా తెలుసు.

ఫిరంగుల్లో కూడా ఇదే క్రమం జరిగిందా?

ఫిరంగుల కథ ముందుకు పోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు పోయింది. విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ చేసిన వెనుక నుంచి నింపే ఫిరంగిని బ్రిటన్ 1859 నాటికే తీసుకుంది. కాని 1863లో జపానులోని కగోషిమాపై దాడి చేసినప్పుడు ఓడల మీది ఆ ఫిరంగుల వెనుక మూతలు పలుచోట్ల విఫలమయ్యాయి. నమ్మకం పోయిన నౌకాదళం మూతి నుంచి నింపే ఫిరంగులకే తిరిగి వెళ్ళి, సుమారు పదిహేనేళ్ళు వాటితోనే గడిపింది. అదే కాలంలో జర్మనీలో క్రుప్ సంస్థ ఉక్కుతో, పక్కకు జరిగే దిమ్మతో చేసిన ఫిరంగులు 1870లో ఫ్రెంచివారి కంచు ఫిరంగులను నోరెత్తనీయలేదు. షాస్‌పో రైఫిలు ఎంత మంచిదైనా ఫ్రాన్సు ఓడిపోవడంలో ఈ ఫిరంగుల పాత్ర పెద్దది.

బ్రిటన్ మనసు మార్చిన ఘటన 1879 జనవరి 2న థండరర్ అనే యుద్ధనౌకపై జరిగింది. 38 టన్నుల ఫిరంగి ఒకటి పేలకపోయినా పక్కది పేలిన చప్పుడులో ఎవరూ గమనించలేదు. యంత్రంతో మళ్ళీ మందూ గుండూ దట్టించారు. ఫిరంగి పగిలి 11 మంది మరణించారు. దాని జతదాన్ని వూలిచ్‌కు తెచ్చి, కావాలనే రెండుసార్లు దట్టించి పేల్చితే అదే తీరున పగిలింది. నెమ్మదిగా కాలే కొత్త మందులకు గొట్టాలు పొడవుగా ఉండవలసి రావడం మరో ఒత్తిడి. అంత పొడవు గొట్టాన్ని ఓడలో లోపలికి లాగి మూతి నుంచి నింపడం కుదరదు. ఫ్రాన్సు అధికారి ద బాంజ్ రూపొందించిన పుట్టగొడుగు ఆకారపు మూత, దాని కింద పేలినప్పుడు నొక్కుకుని విచ్చుకునే మెత్త, లీకు సమస్యకు ఫిరంగుల్లో స్థిరమైన జవాబు అయ్యాయి.

ఈ పద్ధతికి లోపాలేమీ లేవా?

ఉన్నాయి. భాగాలు ఎక్కువ, చేయడానికి కచ్చితత్వం కావాలి, చెడిపోతే గ్రామ కమ్మరి బాగు చేయలేడు. సైనికులు తూటాలు ఇష్టం వచ్చినట్టు తగలేస్తారని సేనానులు దశాబ్దాల పాటు భయపడ్డారు. ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు, తూటాల సరఫరా బండ్లు నిజంగానే పెరిగాయి. మార్టినీ-హెన్రీకి మొదట వాడిన పల్చటి ఇత్తడి రేకు చుట్టిన తూటాలు ఎండలో, దుమ్ములో వేడెక్కిన గదికి అతుక్కుపోయి బయటికి రాక, సూడాన్ ఎడారిలో సైనికులు ప్రాణాపాయంలో పడ్డారు. అన్నిటినీ మించి, తుపాకీ కార్ఖానాకు బందీ అయింది. పాత తుపాకీకి కావలసిన నల్లటి మందు, సీసం ఊళ్ళోనే సమకూర్చుకోవచ్చు. లోపలి గదికి అతికినట్టు సరిపోయే ఇత్తడి తూటా మాత్రం కిర్కీ, డమ్‌డమ్ వంటి ప్రభుత్వ కార్ఖానాల నుంచే రావలసి వచ్చేది.

అల్లూరి సీతారామరాజు పోలీసు స్టేషన్లపై దాడి చేయడానికి దీనితో సంబంధం ఉందా?

ప్రత్యక్ష సంబంధం ఉంది. పద్మనాభం మండలంలోని పాండ్రంగిలో పుట్టిన ఆ వీరుడు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లపై దాడి చేసి మొత్తం 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు తీసుకున్నాడు. మన్యంలో విల్లంబులకు, నాటు తుపాకులకు కొదవ లేదు. అడవిలో దాగి, లేవకుండా, వెంటవెంటనే పేల్చాలంటే వెనుక నుంచి నింపే తుపాకీయే కావాలి. ఆ తుపాకీ దొరికినా తూటా లేకపోతే అది ఇనుప కర్రతో సమానం, ఆ తూటా కొండల్లో ఎక్కడా తయారు కాదు. కాబట్టి తుపాకుల కన్నా తూటాల లెక్కను చూస్తేనే ఆ మూడు రోజుల దాడుల్లోని ముందుచూపు తెలుస్తుంది. మలబారు స్పెషల్ పోలీసులనూ, అస్సాం రైఫిల్స్‌నూ దింపిన ప్రభుత్వానికి తూటాల కొరత లేదు. 1924 మే 7 దాకా పోరు సాగించినవారికి ప్రతి తూటా లెక్కే.

నాటు తుపాకీ పాతకాలపు పద్ధతిది కదా, దానికి కూడా లైసెన్సు కావాలా?

కావాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మూతి నుంచి నింపేదైనా అది తుపాకీయే. లైసెన్సు లేకుండా ఉంచుకోవడం నేరం. పంటను కాపాడుకోవడానికి మజిల్ లోడరుకు లైసెన్సు కోరే అవకాశాన్ని అదే చట్టంలోని 13వ సెక్షన్ ప్రత్యేకంగా పేర్కొన్నది. ఆ లైసెన్సుతో వన్యప్రాణులను వేటాడే హక్కు రాదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. బాగు చేసినా పేలని స్థితిలో ఉన్న పురాతన వస్తువులకు 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, అయితే ఒక తుపాకీ ఆ కోవలోకి వస్తుందో లేదో ఇంటివారు తమంతట తాము తేల్చుకోకూడదు.

పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద తుపాకీ దొరికితే ఏం చేయాలి?

మూతి నుంచి నింపే తుపాకీ అయితే అది నిండి ఉందో లేదో పైకి తెలియదు. దశాబ్దాల క్రితం దట్టించి వదిలేసిన తుపాకీ మందు తేమ తగలకుండా ఉంటే ఇప్పటికీ అంటుకోగలదు. కాబట్టి గొట్టంలోకి తొంగి చూడకూడదు, కడ్డీ పెట్టి పొడవకూడదు, తుప్పు వదిలించాలని నిప్పు దగ్గర పెట్టకూడదు, గుర్రాన్ని కదిలించకూడదు. మధ్యకు వంగి తెరుచుకునే వేట తుపాకీ అయినా తూటా లోపల ఉండవచ్చు. దొరికినచోటే వదిలి, పిల్లలను దూరంగా ఉంచి, దగ్గరి పోలీసు స్టేషనుకు కబురు చేయాలి. ఇంటిపెద్ద మరణించడం వంటి కారణాలతో లైసెన్సు చెల్లకుండా పోయిన ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా స్టేషను అధికారి వద్ద గానీ, లైసెన్సు ఉన్న ఆయుధాల వ్యాపారి వద్ద గానీ అప్పగించాలని చట్టంలోని 21వ సెక్షన్ చెబుతుంది. అప్పగించేటప్పుడు రసీదు తీసుకోవాలి, పాత లైసెన్సు పుస్తకం దొరికితే దానిని కూడా వెంట తీసుకువెళ్ళాలి.